మల్లయ్య ముందుపళ్లు

పంటి డాక్టరు మాట్లాడుతుంటే ఎదుటివాడు ఎదురు చెప్పలేడు. నోట్లో దూది ఉంటుంది, అద్దం ఉంటుంది, ఉమ్ము లాగే గొట్టం ఉంటుంది. ఇంత సుఖం ఇంకే వృత్తిలోనూ లేదు. లాయరుకు జడ్జి అడ్డం వస్తాడు, పంతులుకు పిల్లలు అడ్డం వస్తారు. నాకు బహ్రెయిన్‌లో ఇరవై ఎనిమిదేళ్లపాటు ఎవరూ అడ్డం రాలేదు. రిటైరయ్యాక, అబ్బాయి ఉద్యోగం ఇక్కడే కాబట్టి, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో వాడి ఫ్లాటులోనే ఉంటున్నాం. ఇప్పుడు మా ఆవిడ విశాలాక్షి అడ్డం వస్తోంది, ఇన్నేళ్లదీ కలిపి.

దంతవైద్యం చదివిన పిల్లలు ఈమధ్య ఇక్కడికి ఉద్యోగాలకొచ్చి నన్ను కలుస్తున్నారు. లైసెన్సు పరీక్ష ఎలా ఉంటుంది, ఏ యంత్రం మంచిది అని అడుగుతారు. అవి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. ప్రమోషన్ల సంగతి చెబుదామంటే నాకొచ్చినవి రెండే, అవి కూడా నా పైవాళ్లు దేశం వదిలి వెళ్లిపోవడం వల్ల వచ్చాయి. నేను నమ్మకంగా చెప్పగలిగింది నా తప్పుల గురించే. వాటిలో ఒకటి పెద్దది. దాని కోసమే ఇది రాస్తున్నాను.

డాక్టర్ జాసిం మూడో ప్రశ్న

నేను చేరిన క్లినిక్ యజమాని డాక్టర్ జాసిం, బహ్రెయినీ. తోబ్ అనే తెల్లటి పొడుగు అంగీ మీద డాక్టరు కోటు వేసుకుని, రోజుకు ఇరవై మాటలకు మించకుండా పని నడిపించేవాడు. పేషెంటు కూర్చోగానే మూడు ప్రశ్నలు అడిగేవాడు. రాత్రి నిద్ర పట్టిందా? ఏమైనా తిన్నావా? ఏం పని చేస్తావు? మొదటి రెండూ నాకు అర్థమయ్యాయి. మూడోది దేనికో బోధపడలేదు. పన్ను పన్నే కదా, కలెక్టరుదైతేనేం, కూలీదైతేనేం అని నా వాదం. పైగా నేను కాలేజీలో బంగారు పతకం తీసుకున్నవాణ్ణి. ఆ సంగతి మొదటి వారంలోనే క్లినిక్‌లో అందరికీ చెప్పేశాను. నర్సు లిన్సీకి రెండుసార్లు చెప్పాను.

చేరిన రెండో నెలలో ఒక హాజీగారికి పైపళ్ల సెట్టు చేశాను. వారం తిరక్కుండానే ఆయన దాన్ని రుమాల్లో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మాట్లాడితే ఊడుతోందన్నాడు. పెట్టుకుని మాట్లాడమన్నాను. శుభ్రంగా మాట్లాడాడు, సెట్టు కదల్లేదు. అంతా మీ అనుమానం అని పంపించేశాను. మళ్లీ వచ్చాడు. మళ్లీ పంపించాను. మూడోసారి వచ్చినప్పుడు డాక్టర్ జాసిం ఏమీ అనకుండా మర్నాడు తెల్లవారగానే నన్ను కారెక్కించుకుని చేపల మార్కెట్‌కు తీసుకెళ్లాడు.

హాజీగారు అక్కడ చేపల వేలం వేస్తాడు. పొట్ట ముందుకు తోసి, ఊపిరి కూడా తీసుకోకుండా ధర మీద ధర అరుస్తున్నాడు. నేను నోరు తెరుచుకుని చూస్తుండగానే నేను చేసిన సెట్టు లేచి హమూర్ చేపల బుట్టలో పడింది. ఆయన పాట ఆపకుండా వంగి, దాన్ని ఏరి, తోబ్‌కు తుడిచి నోట్లో పెట్టుకున్నాడు. కొనేవాళ్లలో ఒక్కడూ తలతిప్పి చూడలేదు. వాళ్లకప్పటికే అలవాటైపోయినట్టుంది.

"నీ గదిలో నీతో మెల్లగా మాట్లాడాడు. రోజంతా ఇక్కడ ఇలా అరుస్తాడు," అన్నాడు డాక్టర్ జాసిం. "యల్లా, చాయ్ తాగుదాం."

ఆయన నన్ను తిట్టింది అంతే. ఆ పాఠం నేర్చుకున్నావా అని ఎవరైనా అడిగితే, నేర్చుకున్నాను, ఓ ఏడాదిపాటు. తర్వాత పేరొచ్చింది, జనం పెరిగారు. ఏం పని చేస్తాడో ఫారంలో ఎలాగూ రాసుంటుంది కదా అని మూడో ప్రశ్న మానేశాను.

కుర్చీలో సంఘసేవ

పేరొచ్చాక సంఘసేవ పట్టుకుంది. ఇక్కడి తెలుగువాళ్లు నన్ను మా సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. మిగతా కమిటీని నేనే కుర్చీలో కూర్చోబెట్టి తయారు చేసుకున్నాను. మచ్చుకు సుబ్రహ్మణ్యంగారు. బ్యాంకులో పెద్ద ఉద్యోగి, కాకినాడ మనిషి, సభలంటే ఆమడ దూరం పారిపోయేవారు. ఆయన దవడ పంటిలో సన్నటి సూది దించి, "సాంస్కృతిక కార్యదర్శిగా మీరుంటే బాగుంటుందని అందరి కోరిక," అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపబోయారు. "కదలకండి, సూది విరిగితే లోపలే ఉండిపోతుంది," అన్నాను. కదల్లేదు. కార్యదర్శి అయిపోయారు.

అన్నదానం బాధ్యుడు, వేదిక అలంకరణ బాధ్యురాలు, ఆటల పోటీల బాధ్యుడు, అందరూ అలా చేరినవాళ్లే.

"మీ సంఘానికి ఎన్నికలెందుకండీ, మత్తుమందు చాలు," అనేది విశాలాక్షి.

నేను నవ్వేవాణ్ణి. అది ప్రశంస అనే అనుకున్నాను.

ఉచిత దంత వైద్య శిబిరం

ఒక ఏడాది ఉగాదికి ముందు మా సంఘం తరఫున నువైద్రాత్ క్యాంపులోని కార్మికులకు ఉచిత దంత వైద్య శిబిరం పెట్టాం. శుక్రవారం సెలవు కాబట్టి డాక్టర్ జాసిం క్లినిక్ ఇచ్చాడు. నిజామాబాద్ నుంచి వచ్చి ఇక్కడ బస్సు నడిపే యూసుఫ్ భాయ్ మనుషుల్ని తీసుకొచ్చి వరసలో కూర్చోబెట్టాడు. గుమ్మానికి బ్యానరు, దాని మీద నా ఫోటో, నా పళ్లన్నీ కనపడేలా.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. పన్నును కాపాడాలంటే మూడు నాలుగుసార్లు రప్పించాలి, ఓపిక పట్టాలి. పీకడానికి పది నిమిషాలు చాలు. శిబిరంలో పీకుడే పనిలా కనిపిస్తుంది. పీకిన పన్ను ట్రేలో పడితే ఫోటోకూ వస్తుంది, నివేదికకూ వస్తుంది. కాపాడిన పన్ను దేనికీ రాదు. ఆ రోజు నేను చాలా పళ్లు తీశాను. అన్నీ తీయాల్సినవి కావు.

పదకొండు గంటలప్పుడు కూర్చున్నవాడి పేరు మల్లయ్య. జగిత్యాల దగ్గర పల్లెటూరు. యాభై ఏళ్ల బక్కపలచటి మనిషి. అమ్వాజ్‌లోని అపార్టుమెంట్లలో ఏసీలు బాగుచేసే పని అని ఫారంలో ఉంది. పైన ముందుపళ్లు రెండు బాగోలేవు. ఒకటి కదులుతోంది, ఇంకొకటి పుచ్చింది.

"సారూ, ఒక్క మాట..." అన్నాడు.

"ముందు నోరు తెరువు, మాట తర్వాత," అన్నాను. తెరిచాడు. సూది వేశాను.

అప్పుడే సుబ్రహ్మణ్యంగారు ఉగాది కార్యక్రమం కాగితం పట్టుకొచ్చి నా పక్కన నిలబడ్డారు. పంచాంగ శ్రవణానికి ముందు మంగళవాద్యం లేదని ఆయన దిగులు. కిందటేడు ఫోన్లో పెట్టి మైకు దగ్గర ఉంచితే, సన్నాయి మధ్యలో ఎవరిదో తలనొప్పి మాత్రల ప్రకటన వచ్చి సభంతా నవ్వారు.

"ఈ దేశంలో సన్నాయి ఊదే తెలుగువాడు ఒక్కడైనా లేడాండీ?" అన్నారాయన.

"ఉంటే ఈపాటికి నాకు తెలియకుండా ఉంటుందా? బహ్రెయిన్‌లో నేనెరగని తెలుగు నోరు లేదు," అన్నాను.

మల్లయ్య చెయ్యి పైకి లేపాడు. అంతకుముందూ ఒకసారి లేపాడు. పాపం నొప్పెడుతోందనుకుని, "భయపడకు," అని ఇంకో సూది వేశాను. తర్వాత రెండు పళ్లూ తీసేశాను. వేరు విరగకుండా ఎంత నీటుగా వచ్చాయో సుబ్రహ్మణ్యంగారికి ఎత్తి చూపించాను కూడా. మల్లయ్య నోట్లో దూది కరిచిపట్టుకుని నాకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే. పేషెంటు చెయ్యి లేపితే చేతిలో ఉన్నదల్లా కింద పెట్టండి. దూది తీయండి. అడగండి. నొప్పో, భయమో, బాత్రూమో మీరే తేల్చేయకండి.

గుడ్డ సంచీ

నాలుగో రోజు యూసుఫ్ భాయ్ మల్లయ్యను వెంటబెట్టుకొచ్చాడు. మల్లయ్య చంకలో పొడవాటి గుడ్డ సంచీ ఉంది.

"డాక్టర్ సాబ్, ఈన మూడొద్దుల సంది బువ్వ తింటలేడు, మాట్లాడ్తలేడు," అన్నాడు యూసుఫ్ భాయ్. "పండ్లు నొస్తున్నయా అంటె కాదంటడు. మీరే అడుగుండ్రి."

మల్లయ్య సంచీ విప్పి సన్నాయి బయటికి తీశాడు. నల్లటి కర్ర, చివర ఇత్తడి గిన్నె, చేతులు పడి నున్నగా అయిపోయింది. నోట పెట్టుకుని ఊదాడు. పళ్లు లేని సందులోంచి గాలి బుస్సుమంది. శబ్దం రాలేదు. మళ్లీ ఊదాడు. మళ్లీ గాలే.

"మా తాత నాటి సంది మా ఇంటోళ్లమే సారూ, సుట్టుపక్కల ఊర్లల్ల లగ్గాలకు ఊదేది," అన్నాడు. "ఈడికొచ్చి పదకొండేండ్లాయె. సుక్కురారం సుక్కురారం మిద్దెక్కి ఊదుకుంట, మర్వకుండ. ఆరు వారాలైతె నా బిడ్డ లగ్గం. ఊరందరి బిడ్డలకు ఊదిన, నా బిడ్డకు వేరేటోన్ని పెడ్తనా? నేనే ఊదుత అని బిడ్డకు మాటిచ్చిన."

"కన్యాదానం నువ్వే చెయ్యాలి కదయ్యా, ఎప్పుడు ఊదుతావు?" అన్నాను. ఆ సమయంలో అడగాల్సిన ప్రశ్న అది కాదు.

"కాళ్లు కడిగి లేస్త సారూ. పుస్తె కట్టేటప్పుడు ఊదుత. ఊదుదామనుకున్న."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"సెయ్యి లేపిన గద సారూ. రెండుసార్లు లేపిన. మొదటిసారి పండ్లు పీకకుండ్రి అందామని. రెండోసారి మీరు సన్నాయి ఊదేటోడు లేడన్నరు. నేనున్న అందామని లేపిన. మీరు ఇంకో సూది ఏసిన్రు."

కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. గుమ్మం దగ్గర లిన్సీ నిలబడి వింటోంది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అబద్ధం చెప్పే వీలు అప్పటికీ ఉంది. రెండూ పూర్తిగా పాడయ్యాయి, ఎలాగూ ఊడేవే అంటే నమ్మేవాడు. కానీ చెప్పాను.

"మల్లయ్యా, కదిలేది పోయేదే. పుచ్చిన రెండోది ఉంచి ఉండవచ్చు. నేను చూడలేదు. నాది తప్పు."

అతను చాలాసేపు సన్నాయిని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. "ఐతె ఇప్పుడేం జేద్దాం సారూ?" అన్నాడు చివరికి. ఆ మాటలో నన్నూ కలుపుకున్నందుకు నాకు కళ్లు చెమర్చాయి.

డాక్టర్ జాసింకు అంతా చెప్పాను. "ఏం పని చేస్తావని అడిగావా?" అన్నాడు. ఏసీ పని అని ఫారంలో ఉందన్నాను. ఆయన నాకేసి చూసి, "శుక్రవారాలు క్లినిక్ తాళాలు నీ దగ్గరే ఉంచుకో. ఖలాస్," అన్నాడు.

ఆరు శుక్రవారాలు

చిగురు పూర్తిగా మానడానికి ఆరు వారాలు చాలవు. అందుకని గులాబీ రంగు పలక మీద రెండు పళ్లు పెట్టి, తీగలతో పక్కపళ్లకు తగిలించే సెట్టు మొదలుపెట్టాను. చిగురు మానేకొద్దీ కుంచించుకుపోతుంది, సెట్టు వదులవుతుంది, మళ్లీ ముద్ద పెట్టి అచ్చు తీయాలి. మామూలు మనిషికైతే నమలడానికి సరిపోతే చాలు. ఇతనికి గాలి ఆగాలి, పెదవి నిలవాలి, రెల్లుముక్క మీద నాలుక ఆడాలి. ఇవేవీ నా పుస్తకాల్లో లేవు.

మొదటి సెట్టు పెట్టి ఊదమన్నాను. పళ్లు ఎగిరి వెళ్లి, నా తంటాలు చూద్దామని వచ్చి కూర్చున్న డాక్టర్ జాసిం గహ్వా కాఫీ కప్పులో పడ్డాయి. ఆయన చెంచాతో వాటిని బయటికి తీసి, టిష్యూ మీద పెట్టి, "హమూర్," అన్నాడు. ఆ రోజు ఆయన అన్నది ఆ ఒక్క మాటే.

రెండో సెట్టు ఊడలేదు గాని, సన్నాయితో పాటు సన్నగా ఈల కూడా వచ్చింది. ఆ రాగంలో ఈల ఉండాలేమో అని ఆశగా అడిగాను. ఉండదన్నాడు మల్లయ్య.

మూడోవారం పళ్లను కాస్త లోపలికి వంచాను. అప్పుడు ఒక్కసారిగా నిఖార్సయిన స్వరం వచ్చి క్లినిక్ దద్దరిల్లింది. పంటి నొప్పి ఆగక శుక్రవారమైనా తలుపు తట్టి వచ్చి బయట కూర్చున్న ఒక బహ్రెయినీ ముసలమ్మ, పెళ్లేమో అనుకుని నాలుక ఆడిస్తూ పెళ్లికేక వేసింది. లోపల మల్లయ్యకు ఉత్సాహం పుట్టి ఇంకా గట్టిగా ఊదాడు. ఆవిడ ఇంకా గట్టిగా కేక వేసింది. "డాక్టర్, పెళ్లికూతురు ఎక్కడ?" అంది లిన్సీ. ఆ ఊపులో ఒక తీగ తెగిపోయింది.

ఇంతలో ఉగాది వచ్చింది. శిబిరం నడిపినందుకు నాకు సభలో శాలువా కప్పుతామన్నారు. వద్దన్నాను. నేను శాలువా వద్దనడం సంఘ చరిత్రలో లేదు కాబట్టి సుబ్రహ్మణ్యంగారు కంగారుపడి, ఒంట్లో బాగోలేదేమో కనుక్కుందామని మా ఇంటికి వచ్చారు. ఆయనకు జరిగింది చెప్పి, "మీకు కార్యదర్శి పదవి ఇష్టమేనా?" అని అడిగాను. నోట్లో ఏమీ లేదు, నిదానంగా చెప్పమన్నాను. ఆయన క్షణం ఆలోచించకుండా లేదన్నారు. మరునాడే రాజీనామా ఇచ్చి హాయిగా ఉన్నారు. మిగతా బాధ్యుల్నీ అడిగాను. కమిటీలో సగం ఖాళీ అయింది.

నేను ఇంట్లోనూ కుదురుగా లేను. అన్నం తింటూ పెదవులు గుండ్రంగా పెట్టి గాలి ఎటు పోతుందో చూసుకునేవాణ్ణి. విశాలాక్షి పప్పు గిన్నె దూరంగా జరిపేది. ఇన్నేళ్ల పనిలో ఏ సెట్టు కోసమూ నేనంత భయపడలేదు. ఈ మనిషి తన బిడ్డ పెళ్లిలో పీటల మీంచి లేచి, నలుగురి ముందు సన్నాయి నోట పెట్టుకుని, బుస్సుమంటే? ఆ ఊహ వస్తే ముద్ద దిగేది కాదు.

మల్లయ్య మాత్రం ప్రతి శుక్రవారం నువైద్రాత్ నుంచి టంచనుగా వచ్చేవాడు. నోరు తెరవమంటే తెరిచేవాడు, ఊదమంటే ఊదేవాడు. ఆరోవారం నాలుగు నిమిషాలు ఊదాడు. ఊడలేదు, ఈల లేదు, తీగ తెగలేదు. నేను లిన్సీతో చేయి కలిపాను, గోడకు చేయి కలపడం ఒక్కటే తక్కువ. సెట్టును డబ్బీలో పెట్టి, శుభ్రం చేసే బ్రష్షు, వాడే పద్ధతి రాసిన కాగితం ఇచ్చి పంపాను. అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

జగిత్యాల వీడియో

పెళ్లినాటి వీడియో యూసుఫ్ భాయ్ ఫోనుకు వచ్చింది, ఆయన నాకు పంపాడు. నేనూ విశాలాక్షీ సోఫాలో కూర్చుని చూశాం.

తలపాగా చుట్టి, పట్టుపంచె కట్టి మల్లయ్య అల్లుడి కాళ్లు కడుగుతున్నాడు. నవ్వినప్పుడల్లా నేను చేసిన పళ్లు తళతళలాడుతున్నాయి. "రంగు బాగా కుదిరిందండీ," అంది విశాలాక్షి. తర్వాత అతను లేచి పక్కకు వచ్చాడు. ఎవరో సన్నాయి అందించారు. నేను సోఫా అంచుకు జరిగాను.

మల్లయ్య అటు తిరిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఏదో తీసి, చొక్కా జేబులో వేసుకుని, జేబు గుండీ పెట్టుకున్నాడు. ఇటు తిరిగి ఊదాడు.

నాకు సంగీతం తెలియదు. విశాలాక్షికి తెలుసు, ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఒక్క చోట కూడా గాలి జారలేదు. పెళ్లికూతురు తలెత్తి పెళ్లికొడుకును వదిలేసి తండ్రినే చూస్తోంది. పుస్తె కట్టడం అయిపోయినా అతను ఆపలేదు. ఎవరో అక్షింతలు అతని మీద కూడా వేశారు.

నేను వెంటనే ఫోను చేసి స్పీకరు పెట్టాను.

"మల్లయ్యా, పళ్లు జేబులో పెట్టుకున్నావేం?"

"సూసిన్రా సారూ? తప్పుగ అనుకోకుండ్రి. అవి ఉంటె నాలుక తిరుగుతలేదు. మా తాతకు ఒక్క పన్ను లేకుండె, సచ్చేదాంక ఊదిండు. అది నాకు రెండోవారం యాదికొచ్చింది. ఇగ మిద్దె మీద దినాం పెదవులతోనే పట్టు పట్టిన. వచ్చేసింది."

"రెండోవారమా! మరి మిగతా నాలుగు శుక్రవారాలూ ఎందుకొచ్చావయ్యా? నాకు చెప్పొద్దూ?"

"సెప్దామనే అచ్చిన. నోరు తెరిస్తె మీరు ముద్ద పెట్టి అచ్చు తీసిన్రు." అతను నవ్వాడు. "ఆ తర్వాత సెప్ప బుద్ధి కాలె సారూ. మీరు మస్తు పరేషాన్ల ఉంటిరి. బువ్వ గూడ సక్కగ తింటలేరని నర్సమ్మ సెప్పింది. పండ్లు కుదిరితెనే మీకు మంచిగైతదని, అచ్చి కూసున్న. ఫోటోలకు పెట్టుకున్న, మంచిగున్నయని అందరన్నరు."

నేను ఫోను ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

"ఇగ మీ పానం నిమ్మలమైందా సారూ?" అన్నాడు.

నోరు తెరిచాను, మాట రాలేదు. విశాలాక్షి నా చేతిలోంచి ఫోను తీసుకుని, "అయింది అన్నయ్యా," అంది.